బిందె మీద అక్షరం

నిజాం కాలపు మాదన్నపేటలో ఆడవాళ్లందరూ సువార్త చదవాలన్నది ఇంటింటికీ తిరిగి వాక్యం చెప్పే మిషను బైబిలు స్త్రీ రాహేలమ్మ కల. "అదెట్లయితది?" అని పాస్టరయ్య అడిగిన నాటినుంచీ ఆమెకు కుదురు లేదు. ఏ గడప తొక్కి చదువు నేర్పుతానన్నా "తీరిక ఏడున్నదక్కా?" అనే మాటే. ఒక పొద్దున నల్లా దగ్గర నీళ్ల కోసం గంటసేపు వరుసలో నిలబడ్డ ఆడవాళ్లను చూసి, సుద్దముక్కతో ఒక్కొక్కరి బిందె మీద వాళ్ల పేరులోని మొదటి అక్షరం రాసి దిద్దించింది. రోజుకొక అక్షరం. నెల తిరక్కుండానే వాళ్లలో చంద్రమ్మ తన పేరు తానే రాసింది. సుద్ద తిరిగి ఇవ్వకుండా, గొంతు తగ్గించి అడిగింది:

"మా ఇంటాయన పేరు నోటితోని అనరాదు గద. రాస్తే తప్పా?"

ఆమె మొగుడు ఎల్లప్ప పేరు బస్తీకంతా తెలుసు. రాహేలమ్మ సుద్ద తీసుకుని బిందె మీద ‘ఎ’ రాసింది. చంద్రమ్మ చుట్టూ చూసి, బిందెకు కొంగు అడ్డం పెట్టుకుని దిద్దింది.