జానెడు పడుగు

మొన్న మా బడి టీచర్ల వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒక ప్రకటన పంపారు. గద్వాల శివార్లలో పాతకాలపు దొరల గడి, చుట్టూ మామిడితోట, అమ్మకానికి. టేకు స్తంభాలు, రంగుటద్దాల కిటికీలు, ఒక్కో ఫొటో కింద ఒక్కో పొగడ్త. చివరి ఫొటోలో వెనక అర్ర, దాని నేలలో ఒక గుంట. కింద 'పూర్వీకుల ధ్యాన స్థలం' అని రాశారు. అది మా మేనత్త మగ్గం గుంట. అందులోకి కాళ్లు దించి కూర్చుని, తెగిన పోగులను ఆమె తిట్టిన తిట్లు విన్నవారెవరూ దాన్ని ధ్యానమనరు.

భర్త పోయాక అత్తమ్మ ఆ గడికి చీరలు నేయడానికి వచ్చింది. దొరసాని ఆమెకు వెనక అర్ర చూపించి, "మగ్గం ఆడినన్ని దినాలు ఈ అర్ర నీదే" అన్నదట. కాగితం లేదు. అత్తమ్మ ఆ మాటనే కాగితంలా పట్టుకుంది. పడుగు, అంటే మగ్గానికి సాగదీసిన నిలువు పోగులు, అయిపోయినప్పుడు మా నేతవాళ్లు వాటిని మొత్తం తీసేయరు. చీర కోసి, దువ్వెనలాంటి అచ్చులో జానెడు పాత పోగులు వదిలి, వాటి కొసలకు కొత్త పడుగును పోగు పోగుగా మెలిపెట్టి అతుకుతారు. అలా ఆమె మగ్గం ఎన్నడూ ఖాళీగా లేదు. దొరసాని పోయాక, హైదరాబాదులో ఉండే ఆమె కొడుకు చిన్నదొర ఏడాదికోసారి వచ్చి గడప దగ్గరే నిలబడి అడిగేవాడు.

"ఏమమ్మా, ఇంకెన్ని దినాలు నేస్తవ్?"

"జర ఇది అయిపోనీ దొరా."

అది అయిపోయేది కాదు. ఆయన కారు కదిలాక అత్తమ్మ నా వైపు చూసి కన్ను గీటేది.

ఒక వేసవిలో జ్వరం ముదిరి ఆమెను దవాఖానలో చేర్చాం. నేను నాగర్‌కర్నూల్ నుంచి వచ్చాను. మగ్గం మీది చీరకు మూరెడు నేత మిగిలింది. చిన్నప్పుడు నేర్చిన పనే. ఆమె సంతోషిస్తుందని రెండు రోజులు కూర్చుని ముగించి, చీర కోశాను. అంతటితో ఆగలేదు. అచ్చులో వేలాడుతున్న పోగులు చెత్తలా కనిపించాయి. ఆ మధ్యాహ్నమే అవీ లాగేసి, మగ్గం తుడిచి, అర్ర ఊడ్చాను. దొరసాని మాట నాకు తెలుసు. దాన్ని పాతకాలపు చాదస్తం అనుకున్నాను.

మర్నాడు చిన్నదొర గడి కొనేవాళ్లను వెంటబెట్టుకుని వచ్చి, ఖాళీ మగ్గాన్ని చూశాడు.

"అయితే అయిపోయింది గదా" అన్నాడు, మర్యాదగానే. సాయంత్రానికి అర్రకు కొత్త తాళం పడింది.

దవాఖానలో చీర అత్తమ్మ ఒళ్లో పెట్టాను. అంచు వెంట వేలు నడిపింది.

"మంచిగనే నేసినవ్ బిడ్డా. కొసలు ఉంచినవా?"

లేదన్నట్టు తల ఊపాను.

"చిన్నదొర చూసిండా?"

"చూసిండు అత్తమ్మా."

ఆమె చీర మడిచి నా చేతిలో పెట్టింది. "నువ్వే కట్టుకో" అన్నది.

తర్వాత మా అద్దె ఇంట్లో ఒక ఏడాది బతికింది. మగ్గం కోసం నేల తవ్వనిచ్చే ఇంటాయన మాకు దొరకలేదు. చిన్నదొర ఇంకో సాకు వెతికేవాడేనని అందరూ అంటారు. వెతికేవాడేమో. వెతికే పని లేకుండా చేసింది మాత్రం నేను.

ఆ చీర నేను కట్టలేదు. గడి కొన్నవాళ్లు మళ్లీ అమ్ముకుంటున్నారు. అత్తమ్మ ఇరవై ఆరేళ్లు తెగకుండా చూసుకున్నదాన్ని తీసేయడానికి ఆ మధ్యాహ్నం నాకు పావుగంట కూడా పట్టలేదు.