ఇద్దరు బీరయ్యలు

నా చిన్నప్పుడు మా వైపు బీరయ్య అనే పేరుతో పెద్దమనుషులు ఇద్దరుండేవారు. ఒకాయన మిర్యాలగూడ వైపు నాయకుడు. ఎన్నికలొస్తే జీపులో చేతులు జోడించి నిలబడి మా ఊళ్లోకి కూడా వచ్చేవాడు. రెండో ఆయనది కోదాడ దగ్గర పల్లె, ఒగ్గుకథ చెప్పేవాడు. జాతరలో ఆయన గొంతు లేచిందంటే గొర్ల కాపరులు మందను పక్కవాళ్లకు అప్పజెప్పి మరీ వచ్చి కూర్చునేవారు. గొర్ల కాపరుల దేవుడు బీరప్పను కొలిచే ఇళ్లలో ఆ పేరు పెట్టుకోవడం మామూలే కాబట్టి అదేమీ వింతగా తోచేది కాదు. ఏ బీరయ్య గురించి మాట్లాడుతున్నారో సందర్భాన్ని బట్టి తెలిసిపోయేది.

మాది ఆత్మకూర్ (ఎస్) దగ్గర ఊరు. మా తాత ఒగ్గు బీరయ్య పక్కన ఇరవై ఏళ్లు డోలు కొట్టాడు. ఒకసారి ఏదో ఊళ్లో కథ నడుస్తుండగా, తాత దెబ్బ తప్పిందని ఆయన అందరి ముందూ గేలి చేశాడట. తాత అక్కడికక్కడే డోలు భుజాన వేసుకుని ఇంటికొచ్చేశాడు. అప్పుడు నాకు మూడేళ్లు. ఆ తర్వాత ఎనిమిదేళ్లపాటు ఇద్దరికీ మాటల్లేవు. అయినా జాతర రోజుల్లో తాత వాకిట్లో కూర్చుని, మోకాలి మీద వేళ్లతో ఏదో దరువు వేసుకుంటూ ఉండేవాడు.

నేను ఆరో తరగతికి వచ్చేసరికి తాత కళ్లకు పొరలొచ్చాయి. పొద్దున బడికి పోయేముందు నేను పేపరు చదివి వినిపించాలి. ఆ ఏడాది చలికాలంలో, ఒగ్గు బీరయ్యకు ఒంట్లో బాగాలేదనీ, సూర్యాపేటలో దవాఖానలో ఉన్నాడనీ అంగట్లో ఎవరో చెప్పారు. మూడో రోజు తాత నాన్నను పిలిచి, "ఆదివారం నన్ను జర సూర్యాపేట తీస్కపో. బీరన్నను సూసొస్త" అన్నాడు. అమ్మ ఆయన తెల్లధోవతి ఉతికి దండెం మీద ఆరేసింది.

శుక్రవారం పొద్దున మా బడిలో ఆటల పోటీలు. నా స్నేహితురాళ్లు మా ఇంటి గేటు దగ్గర నిలబడి పిలుస్తున్నారు. నేను పేపరు తిప్పుతూ పెద్దక్షరాలు మాత్రమే గబగబా చదువుతున్నాను. లోపలి పేజీలో ఒక మూల, "ప్రజల మనిషి బీరయ్య కన్నుమూత" అని ఉంది. ఫొటో లేదు. నేను అదీ అదే ఊపులో చదివేశాను.

తాత మెల్లగా అడిగాడు. "ఏ బీరయ్యనే బిడ్డా?"

కింద నాలుగు వరుసలున్నాయి. చదవడానికి నిమిషం కూడా పట్టదు. "మీ బీరయ్యే తాతా, దవాఖానల ఉండె గదా" అనేసి పేపరు ఆయన ఒళ్లో పెట్టి పరుగెత్తాను.

సాయంత్రం వచ్చేసరికి తాత తల మీద నీళ్లు పోసుకుని, తడి ఆరని జుట్టుతో గోడకు ఆనుకుని కూర్చున్నాడు. శవాన్ని చూసేందుకైనా పోదామని నాన్న అంటే, బతికున్నప్పుడు పోనివాణ్ణి ఇప్పుడు ఏ మొహంతో పోతానన్నాడట. ఆదివారం ప్రయాణం ఆగిపోయింది. ధోవతి మడతపెట్టి పెట్టెలో పెట్టేశారు.

సోమవారం నోటుబుక్కుకు అట్ట వేసుకుందామని పాత పేపరు తీశాను. అదే పేజీ చేతికొచ్చింది. ఈసారి ఆ నాలుగు వరుసలూ చదివాను. చనిపోయింది మిర్యాలగూడ నాయకుడు. వెంటనే పోయి చెప్పాలనే అనుకున్నాను. గుమ్మం దాకా వెళ్లాను కూడా. తాత చెంపలు లోపలికి పీక్కుపోయి ఉన్నాయి. నాన్న చేతి దెబ్బలు గుర్తొచ్చాయి. రేపు చెబుదాములే అనుకుని ఆ కాగితాన్ని పొయ్యిలో పెట్టాను. మర్నాడూ అలాగే అనుకున్నాను. ఆ మర్నాడూ అంతే.

ఆ శుక్రవారం నేను బడి నుంచి వచ్చిన కాసేపటికి, ఒగ్గుకథలో తాళాలు కొట్టే ఆయనొకడు కోదాడ నుంచి వచ్చాడు. ఒకప్పుడు తాతతో కలిసి ఊళ్లు తిరిగినవాడే. చెప్పులు విడిచి, తాత చేతులు పట్టుకుని, "అన్నా, మన బీరన్న నిన్న పొద్దున పోయాడు" అన్నాడు.

"నిన్ననా?" అన్నాడు తాత. "పోయి వారమాయె గదా!"

"ఎవరు చెప్పారన్నా? మొన్న రాత్రి కూడా మాట్లాడాడు. నువ్వు ఆదివారం వస్తున్నవని ఎవరో చెప్పారంట. ఆ రోజంతా తలుపు వైపే చూశాడు."

అందరూ నా వైపు తిరిగారు. అమ్మ నా రెక్క పట్టుకుంది. పేపరు సరిగ్గా చదవడం కూడా రాదా అని నాన్న చేయెత్తాడు. తాత తడుముకుంటూ లేచి మా మధ్యకు వచ్చాడు.

"పిల్లను ఏమనకు. తొందర్ల సదివింది, పసిది. నాకు ఎనిమిదేండ్లు కాళ్లు మంచిగనే ఉండె, కోదాడకు బస్సులుండె. నేను పోయిన్నా?"

నన్ను దగ్గరికి తీసుకుని తల నిమిరాడు. ఆ సాయంత్రమే, అదే ధోవతి కట్టుకుని నాన్నతో కోదాడ బస్సెక్కాడు.

మళ్లీ పేపరు చదవమని నన్నే పిలిచేవాడు. పెద్దక్షరాల కింద ఉన్నవన్నీ నేను ఒక్కొక్కటిగా చదివేదాన్ని. మధ్యలో ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది. సోమవారమే నాకు తెలుసు తాతా, అప్పటికి ఆయన ఇంకా ఉన్నాడు, గంటలో సూర్యాపేటకు పోయేవాళ్లం, అని. చెప్పలేకపోయాను. ఆ తర్వాత ఐదేళ్లకు తాత కూడా పోయాడు.

ఇప్పుడు నాకూ బడికి పోయే పిల్లలున్నారు. ఏదైనా తప్పు చేసి నా ముందుకొచ్చి నిలబడితే, చేతిలో పని పక్కన పెట్టి చివరిదాకా వింటాను. తాత నా తొందరపాటును ఆ రోజే మన్నించాడు. నేను దాచిన ఆ నాలుగు రోజుల సంగతి మాత్రం ఆయనకు తెలియదు. దాన్ని మన్నించమని అడగడానికి నాకిక ఎవరూ లేరు.