ఓదెలు సర్దారు గడియారాలు

“అన్నా, ఆ గడియారం నడుస్తలేదు. ముల్లు చూడు.”

“నడుస్తున్నది చెల్లె. చెవికి పెట్టుకొనే ఉన్న గద. మంచిగ కొట్టుకుంటున్నది.”

“ఆగిన గడియారం ఎట్ల కొట్టుకుంటది? నీకు చెవులు వినవడ్తలేవు. ఎన్నొద్దుల సంది గిట్ల?”

“బత్తీలు తుడుసుకునేదానివి, నా చెవులతోని నీకేం పని? జర మెల్లగ మాట్లాడు.”

“నేను మెల్లగనే మాట్లాడుతున్న. ఒర్రేది నువ్వే.”

డెబ్భైల మొదట్లో, గోదావరిఖని దగ్గర ఒక బాయి మీద, ల్యాంపు రూములో జరిగిన తగవు ఇది. బొగ్గుగనిని మా దిక్కు బాయి అంటాం. మా ఆయన పోయాక నాకు అక్కడ పని ఇచ్చారు. నేను చదివింది మూడో తరగతి. అంకెలు వస్తే చాలన్నారు. బాయిలోకి దిగే మనిషి తన నంబరున్న ఇత్తడి బిళ్ళ ఇస్తాడు, నేను అదే నంబరు బత్తీ, అంటే టోపీకి పెట్టుకునే దీపం, ఇస్తాను. బత్తీ లేనిదే ఎవరూ దిగరాదు, మేనేజరైనా సరే.

నేను అన్నా అని పిలిచిన ఓదెలు ఆ బాయిలో సర్దారు. షిఫ్టువాళ్ళకంటే ముందు లోపలికి పోయి, బొగ్గు తీసే చోట పైకప్పును కర్రతో కొట్టి చూడటం ఆయన డ్యూటీ. గట్టి కప్పు ఖంగున పలుకుతుంది, వదులైతే డొల్లగా పలుకుతుంది. ఆ చప్పుడు విని ఆయన సరేనంటేనే మిగతావాళ్ళు పనిలోకి పోవాలి.

ఆయనకున్న ఒకే ఒక్క షోకు పాత చేతిగడియారాలు. ఉద్యోగం దిగిపోయినవాళ్ళ దగ్గరా, అంగడిలోనూ వెతికి ఏడు కొన్నాడు. రోజుకొకటి కట్టుకొచ్చేవాడు. నేను పాత చీర చింపి బత్తీలు తుడిచే మనిషిని. ఒక్క చేతికి ఏడెందుకని కసిరాను.

“బాయిల పొద్దు కనవడదు చెల్లె. ఇది నాకంటె ముందు ఎవల చేతికో నడిచింది. ఆయన పోయిండు. ఇది కీ ఇస్తె మళ్ళ నడుస్తది. ఒక్కోదానిది ఒక్కో సప్పుడు, కండ్లు మూసుకొని ఏది ఏదో చెప్త” అన్నాడు. ఒకటి నా చెవికి ఆనించాడు. ఎలుక గింజ కొరికినట్టు సన్నగా పలికింది. బాగుందని పైకి అనలేదు.

ఆ రోజు షిఫ్టు అయ్యాక బత్తీ అప్పజెప్పుతూ, ఆగిన గడియారాన్ని చెవికి పెట్టుకుని మురుస్తుంటే చూశాను. తగవు అక్కడ మొదలైంది. చివరికి బతిమాలాడు: “మందు పేల్చి పేల్చి చెవులు పోయినయ్. రెండేండ్లల్ల ఉద్యోగం దిగిపోత. సర్దారుగిరి పోతె బాయి మీద బొగ్గుల రాళ్ళేరుడే. కప్పు సంగతి కర్ర వట్టిన చేతికి తెలుస్తది, ఫికర్ చెయ్యకు.”

చేతికి తెలుస్తుందో లేదో నాకు తెలియదు. ల్యాంపు రూము ఇన్‌చార్జికి చెప్పాను. నీ పని నువ్వు చూసుకో, సర్దార్ల సంగతి నీకెందుకన్నాడు.

ముప్పు గురించి ముందే చెప్పిన మనిషికి, తాను చెప్పింది సరైనదేనన్న రుజువు దొరకదు. అయినా చెప్పాలి. ఆ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది అదే.

తెల్లారి ఓదెలు బిళ్ళ తీసుకున్నాను, బత్తీ ఇవ్వలేదు. లైను ఆగిపోయింది. “ఏందక్కా, బాయి నీ అత్తగారిల్లా?” అని వెనక నుంచి అరిచారు. అండర్ మేనేజరు వచ్చాడు. నేను చెప్పింది విని, ఓదెలు వెనకగా నిలబడి, మామూలు గొంతుతో, “ఓదెలూ, నువ్వు ఇంటికి పో” అన్నాడు. లైనులో అందరూ ఓదెలు దిక్కు చూశారు. ఓదెలు మాత్రం బత్తీ కోసం నా వైపు చాచిన చెయ్యి దించలేదు.

ఆ పొద్దు వేరే సర్దారును దింపారు. కప్పు అంతా గట్టిగానే ఉందని అతను రిపోర్టు పుస్తకంలో రాశాడు.