కొచ్చికి నేను పంపిన తుఫాను

మొన్న దసరా సెలవుల్లో రాయదుర్గంలో మా ఆఫీసు క్యాంటీన్‌లో కూర్చుని, కొచ్చి మీదికి ఒక తుఫాను తోలాను. ఎలాగో చెప్తాను, టీ తాగుతూ వినండి. నవ్వుకున్నా పర్లేదు. మా ఆవిడ ఇంకా నవ్వడం ఆపలేదు.

యాదగిరి నా టీమ్‌లోనే పనిచేస్తాడు. తెల్లాపూర్ వాళ్ల సొంత ఊరు. ఇప్పుడు మేం ఉంటున్న అపార్ట్‌మెంట్లు లేనప్పుడు అక్కడ వాళ్ల చేలుండేవట. వాళ్లమ్మ అంజమ్మ గారు అప్పటిదాకా సముద్రం చూడలేదు. ఒకసారి మా ఇంటికొచ్చినప్పుడు, "మీది కాకినాడ గదా బిడ్డా, సముద్రం ఎట్లుంటది?" అని అడిగారు. నేను చెప్పబోతుంటే మాధవి, అంటే మా ఆవిడ, "చెప్పడమెందుకండీ, తీసుకెళ్లి చూపిస్తే సరిపోతుందిగా," అంది.

మాధవి స్కూల్లో సోషల్ చెప్తుంది. ఆవిడకి ఉత్త సముద్రం సరిపోదు, దాని పక్కన కాస్త చరిత్ర కూడా ఉండాలి. అందుకని కొచ్చి అనుకున్నాం. పాత చర్చీలు, ఒడ్డున చేపలు పట్టే పెద్ద పెద్ద చైనా వలలు, మిరియాల వాసనొచ్చే సందులు. రెండు కుటుంబాలకీ కలిపి ఒక వాట్సాప్ గ్రూప్ పెట్టాం. హోటల్, తిండి ఆడవాళ్లు చూసుకున్నారు. నాకు మిగిలింది వాతావరణం. తీరం వాణ్ణి కదా, అడిగి మరీ తీసుకున్నా. ఫోన్‌లో వెదర్ యాప్ తెరిచి కొచ్చి అని కొట్టి, మొదట కనబడ్డ పేరు నొక్కాను. నా ప్లానింగ్ అంతటితో అయిపోయింది.

శుక్రవారం నాకు ఆఫీసులో వదల్లేని పని ఉంది. అందుకని యాదగిరి వాళ్లమ్మనీ, భార్య సునీతనీ తీసుకుని ముందు బయల్దేరాడు. మేం శనివారం వెళ్లి వాళ్లని కలవాలి.

శుక్రవారం మధ్యాహ్నం పెరుగన్నం తింటుంటే ఫోన్ గట్టిగా మోగింది. యాప్ నుంచి ఎర్రటి హెచ్చరిక. కొచ్చికి తీవ్రమైన తుఫాను, తీరం వైపు వెళ్లొద్దు అని ఇంగ్లీషులో ఉంది. అన్నం వదిలేసి యాదగిరికి ఫోన్ చేశా. వాళ్లప్పుడే హోటల్‌లో దిగారు.

"యాదగిరీ, ఎవ్వరూ బయటికి రాకండి. తుఫానొస్తోంది."

"తుఫానా? ఈడ ఎండ మాడగొడుతున్నది గదన్నా."

"ముందు అలాగే ఉంటుంది. మాది కాకినాడ. నాకు తెలుసు."

"టీవీల ఏం చెప్తలేరు."

"వాళ్లకి లేటుగా తెలుస్తుంది."

కాసేపటికి మళ్లీ చేశాడు. రిసెప్షన్‌లో అడిగితే తుఫానూ లేదు, ఏమీ లేదన్నారట. "బిజినెస్ పోతుందని అలాగే చెప్తారు," అన్నాను. ఇంతకంటే ధీమాగా నేను ఉద్యోగంలో కూడా ఎప్పుడూ మాట్లాడలేదు.

నా మాట మీద యాదగిరి బ్రెడ్డు ప్యాకెట్లు, కొవ్వొత్తులు కొనుక్కొచ్చాడు. బాత్రూంలో బకెట్లు నింపాడు. కిటికీ అద్దాలు పగిలితే ప్రమాదమని పరదాలు మూయించాను. కిటికీలోంచి చూస్తే సముద్రం కనబడుతుందని ఏరికోరి తీసుకున్న రూమ్ అది. పరదాలు మూసి, లైట్లేసుకుని, ముగ్గురూ బ్రెడ్డు తింటూ కూర్చున్నారు. నేను తుఫాను ఇంకా ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉందని యాప్ చెప్తే అది ఎప్పటికప్పుడు గ్రూప్‌లో పెడుతున్నా. మా శనివారం టికెట్లు కూడా క్యాన్సిల్ చేసేశా.

సాయంత్రం త్వరగా ఇంటికొచ్చా. మాధవి సర్దిన బ్యాగులు విప్పుతోంది. అప్పుడు యాదగిరి ఫోన్.

"అన్నా, అమ్మ రూంల లేదు. మేం జర కన్నంటుకుంటే బయటికి పోయినట్టున్నది. ఫోన్ ఈడనే ఉన్నది."

కొత్త ఊరు, భాష రాదు, పైగా తుఫాను. చిన్నప్పుడు మా ఊళ్లో తుఫానుకి రేకులు గాల్లో ఎగరడం చూసినవాణ్ణి. సునీతని రూమ్‌లోనే ఉండమని, యాదగిరిని సముద్రం వైపు పరిగెత్తమన్నాను. తుఫాను తీరానికి ఎంత దగ్గరికొచ్చిందో చూద్దామని యాప్‌లో మొదటిసారి మ్యాప్ తెరిచా. కంగారులో దాన్ని అటూ ఇటూ జరుపుతున్నా.

మాధవి పక్కకొచ్చి ఫోన్‌లోకి తొంగి చూసింది.

"ఇక్కడ కొచ్చి కింద షికోకు అని ఉందేంటండీ?"

"అక్కడి తాలూకా పేరేమో. మలయాళం పేర్లు అలాగే ఉంటాయి."

ఆవిడ ఫోన్ నా చేతిలోంచి తీసుకుంది. రెండు వేళ్లతో మ్యాప్‌ని చిన్నది చేసింది. ఇంకా చిన్నది చేసింది. చుట్టూ నీళ్లు తప్ప కేరళ ఎక్కడా కనబడలేదు.

"షికోకు జపాన్‌లో ఒక దీవి. అక్కడా కొచ్చి అని ఒక ఊరుంది," అంది, తన ఏడో క్లాసు పిల్లలకి చెప్పినట్టు. తర్వాత మంచం మీద కూర్చుంది. మొహం అటు తిప్పుకుంది. భుజాలు మాత్రం కదులుతున్నాయి.

నాకు నవ్వు రాలేదు. తుఫాను లేదు సరే, పెద్దావిడ ఎక్కడ?

అంతలో యాదగిరి వీడియో కాల్ చేశాడు. ముందు చైనా వలలు కనబడ్డాయి. వాటి వెనక సూర్యుడు ఎర్రగా నీళ్లలోకి దిగుతున్నాడు. ఆకాశంలో మేఘం ముక్క లేదు. ఒక రాతి గోడ మీద అంజమ్మ గారు చెప్పులు విప్పి పక్కన పెట్టుకుని, కొంగులో పల్లీలు పోసుకుని కూర్చున్నారు. చుట్టూ జనం ఐస్‌క్రీములు తింటూ తిరుగుతున్నారు.

"అమ్మా, చెప్పకుండా వచ్చేశారేంటి?"

"సముద్రం జూద్దామని ఒస్తి బిడ్డా. జూసిన. మస్తుగున్నది. ఇగ నువ్వు చెప్పిన తుఫాను గూడ జూసే పోదామని కూసున్న. ఎప్పుడొస్తది?"

"అది ఇటు రాదమ్మా. జపాన్‌లో ఉందట," అన్నాను.

ఫోన్ పట్టుకున్న యాదగిరి చెయ్యి కొంచెం కిందికి దిగింది. కాసేపు నాకు రాతి గోడ, వాళ్లమ్మ చెప్పులు మాత్రమే కనబడ్డాయి. "జపానా అన్నా?" అన్నాడు మెల్లగా. ఒక్క తిట్టు కూడా తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

అంజమ్మ గారు మాత్రం, "మరి ఆడి మనుషులు పైలంగున్నరా?" అని అడిగారు. మధ్యాహ్నం నుంచీ తుఫాను వెంటపడ్డ నాకు ఆ ప్రశ్న ఒక్కసారి కూడా తోచలేదు. మర్నాడు వెతికి చూశా. అది తీరం తాకకుండా సముద్రంలోకే మళ్లిపోయిందట. ఆ మాట ఆవిడకి చెప్పాకే మనసు కుదుటపడింది.

నేరుగా వెళ్లే విమానంలో సీట్లు అయిపోవడంతో, బెంగుళూరు ఎయిర్‌పోర్టులో సగం రోజు పడిగాపులు పడి కొచ్చి చేరాం. తర్వాత అంతా బాగానే జరిగింది. మాధవి చరిత్ర చెప్తుంటే అంజమ్మ గారు ఊఁ కొట్టారు. నన్ను మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు, ఆటో ఎటు పోవాలో కూడా.

సెలవులయ్యాక ఆఫీసుకెళ్లాం. అన్నట్టు, మా టీమ్ ఏం పని చేస్తుందో మీకు చెప్పనే లేదు. ఒకే పేరుతో రెండు ఊళ్లుంటే, కస్టమర్ పార్సెల్ ఏ ఊరికి వెళ్లాలో తేల్చే సాఫ్ట్‌వేర్ మాది. దానికి లీడ్‌ని నేనే.