రాహుకాలానికి ముందు పెట్టిన ఎస్‌ఎస్‌డీ

నేను రిటైరయ్యే ముందు సంవత్సరం, తమిళుల ఆవణి నెలలో ఒక శుక్రవారం, కోయంబత్తూరు ఆర్.ఎస్. పురంలో ఒక ఇంటి సర్వర్ పని మా సర్వీసు కంపెనీకి వచ్చింది. సీనియర్ సిస్టమ్స్ ఇంజినీరు ఇళ్లకు వెళ్లడమేమిటని జూనియర్లు నవ్వారు. సొంతంగా బిగించుకున్న సర్వర్ అనేసరికి నాకు మనసాగలేదు. చూడాలనిపించి నేనే బయలుదేరాను.

బిగించింది సరోజమ్మగారు, అరవై దాటిన మనిషి. ఆమెదీ నాదీ ఒకే తెలుగు, సగం అరవం. వాళ్ల నాన్న నీళ్ల పంపుల పోతకు చెక్క అచ్చులు చేసేవారట. ఆయన గీసిన డ్రాయింగులు చెదలు పట్టి రాలిపోతుంటే, ఈమె రెండు రోజులుగా స్కాన్ చేసి సర్వర్‌లో పెట్టి, మిగిలిన కాగితాలను ఆ పొద్దునే పారేశారు. ఊరి దగ్గరి కినత్తుకడవు కొబ్బరి తోపుల్లో ఇంకా తిరుగుతున్న ఆ పాత పంపులకు విడిభాగాలు పోయాలంటే ఇక ఆ స్కాన్లే దిక్కు.

నా పని చిన్నదే. డేటా నిలవుండేది హార్డ్ డిస్కుల్లో. వాటి ముందు వేగం కోసం ఒక ఎస్‌ఎస్‌డీ ఉంటుంది, దాన్ని క్యాష్ అంటాం. అది అరిగిపోయింది, తీసి పెద్దది పెట్టాలి.

"తంబీ, సీక్రంగా పెట్టేయి. పదిన్నరైతే రాహుకాలం," అన్నారామె. అప్పటికి పదీ ఇరవై. ఆ తొందర నాకూ అంటుకుంది. పాతదాని గొళ్లెం మీద చెయ్యి వేసి, ఎందుకో తెర వైపు చూశాను. క్యాష్ రైట్-బ్యాక్ పద్ధతిలో ఉంది. అంటే రాసింది ముందు ఎస్‌ఎస్‌డీలో ఆగి, తీరిగ్గా డిస్కులకు చేరుతుంది. స్కాన్లలో సగానికి పైగా ఇంకా చేరనే లేదు. లాగేసి ఉంటే అంతే సంగతులు!

చెప్పగానే ఆమె మొహం పాలిపోయింది. "వేగం వస్తుందని నేనే అట్ల మార్చినాను," అన్నారు. అంతా డిస్కుల్లోకి దించడానికి గంట పైనే పడుతుందన్నాను. ఆమె వంగి ఆ పెట్టెలోకి చూశారు.

"పక్క అర ఖాళీయే కదా? కొత్తది ఇప్పుడే దాంట్లో పెట్టేయి. పాతది తీసేదానికి మంచి వేళ ఎందుకప్పా?"

భలే! నాకు తట్టనే లేదు. పదిన్నరకు రెండు నిమిషాల ముందు కొత్తది పెట్టాను. పాతదాన్ని ఖాళీ చేయమని ఆదేశమిచ్చి ఇద్దరం తెర ముందు కూర్చున్నాం. కాఫీ చల్లారిపోయింది. ఇంకా దిగాల్సిన లెక్క సున్నా అయ్యాక డిస్కు నుంచి ఒక డ్రాయింగు తెరిచాను. మూలన వాళ్ల నాన్న పెన్సిలుతో వేసిన కొలతలు కనిపించగానే ఆమె కళ్లు తుడుచుకున్నారు. ఆ తర్వాతే పాతది తీశాను.

మర్నాడు మా చెక్‌లిస్టులో రెండు వరుసలు చేర్చాను. క్యాష్ ఖాళీ అయిందని కంటితో చూశాకే గొళ్లెం ముట్టాలి. రాహుకాలం ఎప్పుడో బయలుదేరేముందే కనుక్కోవాలి. రెండోది చదివి జూనియర్లు మళ్లీ నవ్వారు. నేను నవ్వలేదు. తొందరపెట్టింది ఆమే అయినా, గొళ్లెం మీదున్న చెయ్యి నాది.