ఈరమ్మ ప్రొఫైల్‌లో నేను రాసిన అబద్ధం

2022 మొదట్లో నేను కర్నూలులోని ఒక డిగ్రీ కాలేజీలో ప్లేస్‌మెంట్ ఆఫీసర్‌గా ఉన్నాను. విద్యార్థులకు ఉద్యోగాలూ ఇంటర్న్‌షిప్‌లూ దొరికేలా చూడటం నా పని. ఇంటర్న్‌షిప్ అంటే ఏదైనా సంస్థలో చేరి కొన్నాళ్లపాటు పని నేర్చుకోవడం. మా వైపుకు కంపెనీలు వెతుక్కుంటూ రావు. అందుకని పిల్లల చేత ఉద్యోగాల సోషల్ మీడియాలో ప్రొఫైళ్లు తెరిపించి, వాళ్ల రంగంలో పనిచేసే పెద్దలకు మెసేజ్‌లు పెట్టించేదాన్ని.

ఆ ఏడు జియాలజీ చివరి సెమిస్టర్‌లో ఈరమ్మ అనే అమ్మాయి ఉండేది. కోసిగి దగ్గరి పల్లె ఆమెది. అమ్మానాన్నలు ఏటా సుగ్గికి, అంటే మిరప కోతలకు, గుంటూరు వైపు వలస పోతారు. సెలవులుంటే తనూ వెళ్లేది. భూగర్భజలాల పని చేయాలని ఆమె కోరిక. నెలన్నరలో ముప్పైమందికి పైగా మెసేజ్‌లు పెట్టింది. ఒక్కరూ జవాబివ్వలేదు.

ఒక మధ్యాహ్నం నా గదికి వచ్చి ఫోన్ చేతికిచ్చింది.

"నేను రాసింది బాగలేదేమో, రోంత చూడండి మేడం."

ప్రొఫైల్‌లో తన గురించి ఇలా రాసుకుంది: "మా ఊరి బోర్ల లోతులు నోటుబుక్కులో రాసిపెట్టాను. సెలవుల్లో మిరపకాయలు కోస్తాను."

"ఇదంతా ఎవరు చదువుతారమ్మా?" అంటూ ఆ రెండు వాక్యాలూ తీసేశాను. వాటి స్థానంలో "రెసిస్టివిటీ సర్వేలో అనుభవం ఉంది" అని నేనే టైపు చేశాను. నేలలో ఇనుప కడ్డీలు పాతి, వాటి గుండా కరెంటు పంపి, అడుగున నీళ్లున్నాయో లేదో అంచనా కట్టే పద్ధతి అది. ఆ యంత్రాన్ని మా పిల్లలు ఒకసారి దూరం నుంచి చూశారు, అంతే.

"నేను చేయల్యా కదా మేడం?"

"అందరూ ఇట్లే రాస్తారు. పోయినాక నేర్చుకుంటావులే."

వారం తిరక్కుండానే హైదరాబాదులోని ఒక జలసర్వే సంస్థ నుంచి పెద్ద జియాలజిస్టు ఒకాయన స్పందించాడు. వీడియో కాల్‌లో ఇంటర్వ్యూ పెట్టాడు. సర్వేలో ఇనుప కడ్డీలు ఎంతెంత దూరంలో పాతారని అడిగాడట. ఈరమ్మ "నేనెప్పుడూ చేయల్యా సార్" అని చెప్పేసింది. ఆయన అక్కడితో కాల్ ఆపేసి, మీ కాలేజీ పిల్లల మాటలు ఇక ఎలా నమ్మమంటారని మా ప్రిన్సిపాల్‌కు మెయిల్ పెట్టాడు.

ప్రిన్సిపాల్ మా ఇద్దరినీ పిలిపించారు. "ఎవరమ్మా ఇది రాసింది?" అని గట్టిగా అడిగారు.

ఈరమ్మ ఒక్కసారి నా వైపు చూసింది. తర్వాత తల వంచుకుని, "నేనే రాసుకున్నా సార్" అంది.

నేను నోరు విప్పలేదు. ఆయన ఆమెను తిడుతున్నంతసేపూ పక్కనే నిలబడ్డాను. కాలేజీ తరఫున ఆమెకు ఏ సిఫారసూ ఇవ్వబోమని ఆయన చెప్పినప్పుడు కూడా.

మరునాడు ఈరమ్మ క్లాసుకు రాలేదు. ఆ తర్వాతి రోజూ రాలేదు. హాస్టల్లో అడిగితే, బట్టలు సర్దుకుని సుగ్గికి పోయిందన్నారు. పరీక్షలు దగ్గరపడుతున్నాయి. నేరుగా ప్రిన్సిపాల్ గదికి వెళ్లి, "ఆ మాట రాసింది నేను సార్" అన్నాను.

"మొన్న ఎందుకు చెప్పలేదు?"

తప్పు నాదేనని చెప్పి బయటికి వచ్చాను. హైదరాబాదు ఆయనకు కూడా నా పేరుతో, నా తప్పు ఒప్పుకుంటూ మెయిల్ రాశాను. ఆ తర్వాత ఈరమ్మకు ఫోన్ చేశాను.

"యాడుండావమ్మా?"

"చేన్లో ఉండా మేడం."

"నీ మీద ఎందుకు వేసుకున్నావు?"

"మీరు చెప్తారేమోనని చూసినా. మీరు చెప్పకపోతిరి. ఇంగ నేనెట్ల చెప్పేది?"

సార్‌కు నిజం చెప్పేశాననీ, వచ్చి పరీక్షలు రాయమనీ బతిమాలాను. "ఈ చేను కోత అయిపోనీయండి, వస్తా" అంది. నాలుగో రోజున వచ్చింది.

పది రోజులకు జియాలజిస్టు నుంచి ఒక్క వాక్యం వచ్చింది: ఆ అమ్మాయి నిజంగా చేసిన పనేదైనా ఉంటే పంపమనండి. ఈరమ్మ తన నోటుబుక్కు పేజీలు ఫోటో తీసి పంపింది. నలభైకి పైగా బోర్లు. ఎవరి చేను, ఎన్ని అడుగులు, తవ్వినప్పుడు ఏ రంగు రాతిపొడి పైకొచ్చింది, ఏ వేసవిలో ఎండిపోయింది, అన్నీ పెన్సిలుతో రాసి ఉన్నాయి. ఆ వేసవికి ఖాళీలు నిండిపోయాయన్నాడాయన. డిగ్రీ అయ్యాక, చలికాలంలో, కడప వైపు సర్వేకు రెండు నెలల ఇంటర్న్‌గా పిలిచాడు. యంత్రం పట్టడం అక్కడే నేర్చుకుంది. ఇప్పుడు ఆ సంస్థలోనే పనిచేస్తోంది. పండగలకు నాకు మర్యాదగా మెసేజ్ పెడుతుంది. తను రాసుకున్నది ఒకసారి చూడమని మాత్రం మళ్లీ ఎన్నడూ అడగలేదు.

ఇప్పుడు నేను పిల్లల ప్రొఫైళ్లు టైపు చేయను. పక్కన కూర్చుని, నువ్వేం చూశావు, నీ చేతులతో ఏం చేశావు అని అడుగుతాను. వాళ్లు సిగ్గుపడి దాచే మాటల్లోనే పని తెలిసినవాళ్లకు కావలసినది ఉంటుందని ఆలస్యంగా తెలుసుకున్నాను. ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చేవాళ్లకు ఈ సంగతి చెప్పేటప్పుడు, ప్రిన్సిపాల్ గదిలో నేను నోరు మూసుకుని నిలబడటాన్ని కూడా వదలకుండా చెబుతాను.