మూడో దెబ్బ పొట్టిగా మోగే గంట

ఎవరైనా దయ్యాన్ని చూశామని చెబితే, ఎక్కడ, ఎన్ని గంటలకి, పక్కన ఎవరున్నారు అని అడగడం నా అలవాటు. ముప్పై ఏళ్ళు బడిలో చరిత్ర చెప్పాను. ఆధారం లేని వాక్యానికి మార్కులు వేసేవాణ్ణి కాదు. అలా అడిగితే చాలామంది చెప్పడం మానేస్తారు.

కాబట్టి ఆ మూడు ప్రశ్నలకీ నా జవాబులు ముందే రాస్తున్నాను. కౌలాలంపూర్ శివార్లలో ఒక కొమ్యూటర్ రైలు స్టేషన్లో. ఉదయం పదకొండు దాటాక, మంచి ఎండలో. పక్కన ఒక ముసలావిడ ఉంది.

మా నాన్న రైల్వే గేటు కీపరు. మేం అయ్య అని పిలిచేవాళ్ళం. మా తాత సుంగై సుమున్ తోటలో గుమాస్తా. అయ్యకి చదువు అబ్బలేదు. తోట వదిలి వచ్చి రైల్వేలో చేరాడు.

గనుల తగరం, తోటల రబ్బరు మోయడానికి తెల్లవాళ్ళు వేసిన లైను అది. నా చిన్నప్పుడు మా దగ్గర ఒంటి పట్టా. దాన్ని దాటుతూ ఒక మట్టి రోడ్డు, రోడ్డుకి అటూ ఇటూ చెక్క గేట్లు, పక్కన అయ్య కూర్చునే రేకుల గుడిసె. దానికి ముప్పై అడుగుల దూరంలో మా క్వార్టర్సు.

పని పద్ధతి ఇది. పక్క స్టేషన్లో బండి కదలగానే అక్కడి మాస్టరు మీట నొక్కుతాడు. అయ్య గుడిసెలో గంట మూడుసార్లు మోగుతుంది. అయ్య లేచి రెండు గేట్లూ వేసి, తాళం తిప్పి, పచ్చజెండా పట్టుకుని నిలబడతాడు. నాలుగైదు నిమిషాల్లో బండి వస్తుంది. గంట మోగకపోతే బండి లేదని అర్థం. అయ్యకి అంతకన్నా తెలిసే దారి లేదు.

ఆ గంటకి స్క్రూ వదులైంది. బాగుచేయమని చెప్పినా ఎవరూ రాలేదు. అయ్య సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం మడిచి దాని వెనక దోపాడు. అప్పటినుంచి మొదటి రెండు దెబ్బలూ సాగి మోగేవి, మూడోది పొట్టిగా తెగిపోయేది, ఎవరో చెయ్యి అడ్డం పెట్టినట్టు. మాకు అది అలవాటైపోయింది.

నాకు పదిహేడేళ్ళప్పుడు ఒక ఉదయం గేటు తెరిచి ఉండగానే బండి వచ్చింది. సైకిలు మీద పట్టాలు దాటుతున్న ఒక ఫ్యాక్టరీ కార్మికుడు చనిపోయాడు. నేను బయటికి పరిగెత్తేసరికి అయ్య రోడ్డు మధ్యలో నిలబడి ఉన్నాడు. చేతిలో జెండా ఇంకా చుట్టే ఉంది.

గంట మోగలేదని అయ్య అన్నాడు. మీట నొక్కానని పక్క స్టేషను మాస్టరు అన్నాడు. పరీక్షకి వచ్చినవాళ్ళు గంట వెనక ఉన్న వెండి కాగితం తీసేసి, స్క్రూ బిగించి, మోగించి చూసి, బాగానే ఉందని రాసుకున్నారు.

తర్వాత వారం విచారణ. అధికారి ఇంగ్లీషులో అడుగుతాడు. అయ్యకి ఇంగ్లీషు రాదు, మలాయ్ కూడా బజారు మలాయే. అందుకని నన్ను తీసుకెళ్ళారు. ఆ రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని, అయ్య మాటల్ని మంచి ఇంగ్లీషులో పెట్టి చెబుతున్నందుకు నేను లోపల గర్వపడ్డాను. ఇది ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

చివర్లో ఆ అధికారి కాగితాల మీంచి తలెత్తి, నువ్వు ఆ పక్కనే ఉంటావు కదా, నీకు గంట వినపడిందా అని నన్నే అడిగాడు.

వినపడింది అన్నాను.

అబద్ధం చెప్పలేదు. ఆ ఉదయం నేను గుమ్మంలో కూర్చుని బడికి వేసుకునే గుడ్డబూట్లకి తెల్లరంగు పూస్తున్నాను. ఎడమ బూటు అయింది. కుడి బూటు మీద బ్రష్షు పెట్టినప్పుడు గంట మోగింది. రెండు దెబ్బలు సాగాయి, మూడోది తెగింది. ఎన్నిసార్లు అడిగినా ఇదే చెప్పేవాణ్ణి.

అధికారి రాసుకున్నాడు. అయ్యకి ఇంగ్లీషు రాకపోయినా ఎస్ అనే మాట తెలుసు. నా వైపు ఒకసారి చూశాడు, అంతే.

బస్సు స్టాపు దాకా నడుస్తుంటే అడిగాడు.

"నువ్వు ఇన్నావేటి?"

"ఇన్నాను అయ్యా. మూడు దెబ్బలూ ఇన్నాను."

జేబులోంచి బస్సు చిల్లర తీసి లెక్కపెట్టాడు. తర్వాత, "అయితే మోగే ఉంటాది. నా సెవికే అందనేదు" అన్నాడు.

ఆ తర్వాత నలభై అయిదేళ్ళు బతికాడు. గంట మోగలేదని మళ్ళీ ఒక్కసారి కూడా అనలేదు. పై అధికారుల ముందు నిలబెట్టుకున్న మాటని కొడుకు మాట విని వదిలేశాడు.

అమ్మ మాత్రం వదలలేదు. ఆ సాయంత్రం, "ఏటి సెప్పినావురా అక్కడ?" అంది. నిజం చెప్పానన్నాను. "అడిగినోడికి నిజం సెప్పినావు. కన్నోడికి ఏటి మిగిల్సినావు?" అంది. అమ్మ పోయేదాకా నాతో మామూలుగానే ఉంది కానీ ఆ ప్రశ్నని వెనక్కి తీసుకోలేదు.

అయ్య ఉద్యోగం తీసెయ్యలేదు. రైలు పెట్టెలు కడిగే షెడ్డుకి పంపారు. క్వార్టర్సు ఖాళీ చేయించారు. నాకు ఉద్యోగం వచ్చాక రైలు లైను పక్కనే ఒక ఫ్లాటులోకి మారాం. ఆ పక్కనే ఎందుకంటే అప్పట్లో మాకు దొరికింది అదే.

ఈలోగా లైను మారిపోయింది. రెండో పట్టా వేశారు. స్తంభాలు పాతి కరెంటు తీగలు లాగారు. డీజిలు బళ్ళు పోయి కొమ్యూటర్ బళ్ళు వచ్చాయి. పట్టాల పొడుగునా కంచె వేశారు. గేటు తీసేసి మీదుగా వంతెన కట్టారు. అయ్య గుడిసె ఉన్నచోట కొత్త స్టేషను లేచింది. మనుషులు పట్టాలు దాటే పని లేకుండా చేశారు. మంచిదే. కొంచెం ముందు చేసి ఉంటే ఇంకా మంచిది.

ఫ్లాటులో అయ్యకి ఒక అలవాటు ఉండేది. బండి వచ్చే వేళకి నాలుగైదు నిమిషాల ముందు లేచి, వీధి తలుపు ముందున్న ఇనప గ్రిల్లు మూసి, పక్కన నిలబడేవాడు. కింద బండి వెళ్ళిపోయాక తెరిచేవాడు. చెవిని నమ్మడం మానేసి గోడ గడియారాన్ని నమ్మాడు. టైంటేబులు మారినప్పుడల్లా కొత్తది తెచ్చి ఇమ్మనేవాడు. నా భార్య తమిళం మాట్లాడే ఇంట్లో పుట్టింది. మనసులో ఏమీ లేకుండానే, "మామా గేట్ పోట్టాచ్చు, ఇని రైల్ వరలామ్" అనేది, మామయ్య గేటు వేసేశారు, ఇక రైలు రావచ్చని. పిల్లలు నవ్వేవాళ్ళు. నేనూ నవ్వాను. అయ్య కూడా నవ్వేవాడు. నవ్వుతూనే గ్రిల్లు పట్టుకుని నిలబడేవాడు.

పోయిన ఏడాది మంచాన పడ్డాక ఒక్కటి అడిగాడు. "ఓపాలి గేటు కాడికి తీసుకెల్లురా" అన్నాడు.

"అక్కడేటుంది అయ్యా, అంతా కంచేసేశారు లా" అన్నాను, ఇక్కడ అందరూ మాట చివర తగిలించే ఆ లా తో.

ఇంకోసారి అడిగాడు. ఆదివారం చూద్దామన్నాను. ఆ ఆదివారం వేరే పని వచ్చింది. మూడోసారి అడగలేదు.

అయ్య పోయిన పన్నెండో రోజు కర్మలు అయ్యాయి. మర్నాడు సోమవారం. ఎవరికీ చెప్పకుండా బండెక్కి ఆ స్టేషన్లో దిగాను. ఎందుకు వెళ్ళానో చెప్పలేను. ఆయన అడిగాడు కాబట్టి, ఆయన లేకుండా వెళ్ళాను. చేసినా లాభం లేని పని.

గుడిసె ఉన్న చోటు పోల్చుకోవడానికి చాలాసేపు పట్టింది. పాత మట్టిరోడ్డు కంచె అవతల కొంతదూరం కనిపించి ఆగిపోతుంది. దానికి ఎదురుగా ప్లాట్‌ఫారం చివర తాళం వేసిన బూడిదరంగు ఇనప బీరువా ఒకటి ఉంది, సిగ్నళ్ళ తాలూకుది. గుడిసె అక్కడే. నేను దానికి దగ్గరగా ఉన్న బెంచీ మీద కూర్చున్నాను.

ఎక్కడో పట్టాల పని జరుగుతోంది, బళ్ళు ఆలస్యం అని బోర్డు పెట్టారు. ప్లాట్‌ఫారం మీద పెద్దగా జనం లేరు. బెంచీ రెండో చివర తలకి గుడ్డ కట్టుకున్న మలాయ్ ముసలావిడ, ఒడిలో క్లినిక్ కార్డు పెట్టుకుని కూర్చుంది. నేను ఆమెను పట్టించుకోలేదు. ఆమె నన్ను పట్టించుకోలేదు.

గంట మోగింది.

రెండు దెబ్బలు సాగాయి. మూడోది తెగింది.

దూరం నుంచి కాదు, తల లోపల కాదు. కుడివైపు నుంచి, ముప్పై అడుగుల దూరం నుంచి, గుమ్మంలో కూర్చుని విన్నంత దగ్గరగా వచ్చింది.

నేను కదలలేదు. నా కళ్ళ ముందు ఆ ముసలావిడ లేచి నిలబడింది. ఎడమ చెయ్యి అరచేయి పైకి పెట్టి భుజం దాకా ఎత్తింది, అక్కడ తట్ట ఉన్నట్టు. పాత రోడ్డు ఆగిపోయిన వైపుకి తిరిగింది. తర్వాత తన చేతిని తనే చూసుకుని, దించేసి, కూర్చుంది.

అప్పుడు గుర్తుపట్టాను. గేటు దగ్గర అరిటాకు పొట్లాల్లో నాసి లెమాక్, అంటే కొబ్బరిపాల అన్నం, అమ్మే మనిషి. గంట మోగగానే లేచేది. గేటు పడితే సైకిళ్ళూ లారీలూ ఆగుతాయి, ఆ నాలుగైదు నిమిషాలే ఆమె బేరం. బండి వెళ్ళాక మళ్ళీ చెట్టు కింద కూర్చునేది.

సాక్షి నోట్లో మాట పెట్టకూడదని నాకు తెలుసు. అందుకని గంట ఊసు ఎత్తలేదు. మలాయ్‌లో, "మక్ చిక్, ఎందుకు లేచారు?" అని మాత్రమే అడిగాను. మక్ చిక్ అంటే పెద్దమ్మ.

"లోచెంగ్ మోగింది కదా, గేటు వేసేస్తారని" అంది. లోచెంగ్ అంటే గంట. అని, తనకే సిగ్గేసినట్టు నవ్వింది. "ముసలిదాన్ని. ఇక్కడ గేటు ఎక్కడుంది లా."

ఎలా మోగిందని అడిగాను. గొడుగు పిడితో బెంచీ ఇనుము మీద కొట్టి చూపించింది. మొదటి రెండు దెబ్బలకీ పిడిని వెంటనే ఎత్తింది. మూడోసారి కొట్టి, పిడిని ఇనుముకే అదిమి పట్టింది.

నేనెవరో చెప్పాను. గేటు మనిషి కొడుకువా అని కాసేపు నా ముఖం చూసింది. అయ్య పోయాడని చెబితే వాళ్ళ పద్ధతిలో ఒక ప్రార్థన గొణిగింది. ఆ తర్వాత నేను ఏమీ అడగకుండానే అంది.

"ఆ రోజు నేను లేవలేదు."

ఏ రోజని అడగవలసిన పని లేదు.

"చెట్టు కింద కూర్చుని పొట్లాలు సర్దుకుంటున్నాను. బండి వచ్చినప్పుడు కూర్చునే ఉన్నాను. గంట మోగి ఉంటే తట్ట ఎత్తుకుని రోడ్డు మీద ఉండేదాన్ని. ఒక్క గంట కూడా పోనిచ్చేదాన్ని కాదు, నా పిల్లల తిండి అది."

"మరి చెప్పలేదేం?"

"ఎవరు అడిగారు?" అంది.

కోపంగా అనలేదు. బండి ఆ తర్వాత ఇరవై నిమిషాలకి గానీ రాలేదు, అదీ రెండో దిక్కు నుంచి. ఆమె ఎక్కి వెళ్ళిపోయింది.

టికెట్ల దగ్గరున్న ఉద్యోగినిని అడిగాను. ఇక్కడ గంటలేమీ లేవు సర్, ప్రకటన ముందు వచ్చే సంగీతమే అంది. దాన్ని మరోసారి వేసే దాకా ఆగి విన్నాను. దానికీ దీనికీ పోలిక లేదు. దగ్గర్లో గుడి లేదు. బడి ఉంది, దాని గంట కరెంటుది, గరగరమంటుంది. బీరువా చుట్టూ తిరిగి చూశాను. లోపల ఏదో సన్నగా రొద చేస్తోంది, అంతే.

ఇంటికొచ్చి చాలా ఆలోచించాను. ఆ పదిహేడేళ్ళప్పటి సంగతికి ఒక వివరణ ఉంది. రోజూ వినే శబ్దం, వినపడని రోజు కూడా విన్నట్టే ఉంటుంది. నేను ముందురోజు గంటని ఆ రోజు గంట అనుకుని ఉండవచ్చు. నా విద్యార్థి ఎవరైనా ఇలా రాస్తే మార్కులు ఇచ్చేవాణ్ణి. కానీ ఆ వివరణ సోమవారానికి సరిపోదు. విచారణకి ముందే ఆ వెండి కాగితం తీసేశారు. ఆ తెగిన మూడో దెబ్బ నలభై అయిదేళ్ళుగా ఈ లోకంలో లేదు. దాన్ని ఇద్దరం విన్నాం, నేను నోరు విప్పకముందే ఆమె లేచింది.

అయ్యకి ఈ మాట చెప్పాలి. ఆయన చెవి మంచిదే అని చెప్పాలి. పదమూడు రోజులు ఆలస్యమైంది.

ఆమెను అడగవలసింది, నన్ను అడిగారు. నాకు ఇంగ్లీషు వచ్చు కాబట్టి.

ఇప్పుడు ఫ్లాటులో గ్రిల్లు మూసేవాళ్ళు లేరు. బళ్ళు వెళ్తూనే ఉన్నాయి. నా భార్య ఆ మాట అనడం మానేసింది.

ఒక్కటి మాత్రం రాసి ముగిస్తాను. మా అయ్య వినలేదన్నది నిజం. నేను విన్నానన్నదీ నిజం. కుడి బూటు మీద బ్రష్షు పెట్టినప్పుడు ఆ గంట మోగింది. ఇప్పుడు ఎవరు అడిగినా అదే చెబుతాను. అది ఎక్కడ మోగిందో మాత్రం చెప్పలేను.